రాత్రి పదకొండింటికి కళ్లు విప్పే పిల్లడు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల దగ్గర పల్లె. మా బాబుకి పదకొండు వారాలు. కన్నవారింట్లో ఉన్నన్నాళ్లు తొమ్మిదింటికల్లా పడుకునేవాడు. అత్తవారింటికి వచ్చి పదిహేను రోజులైంది, అంతా తారుమారైపోయింది. పగలంతా చీర ఉయ్యాల్లో హాయిగా పడుకుంటాడు. రాత్రి పదకొండయ్యేసరికి కళ్లు విప్పి రెండింటి దాకా ఆటే. ఉయ్యాల ఆపితే గుక్కపట్టి ఏడుస్తాడు. పాలు బాగానే తాగుతాడు, బరువు ఐదున్నర కిలోలు ఉన్నాడు. మా అత్తగారు దిష్టి అంటున్నారు, వస కొమ్ము అరగదీసి నాలిక్కి రాద్దామంటున్నారు. పక్కింటావిడేమో జలుబు చుక్కలు రెండు వేస్తే తెల్లారేదాకా లేవడంది. ఫోన్లో చూస్తే ఏడవనిచ్చి వదిలేయమంటున్నారు. మా ఆయనకి పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఈ నెలంతా బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం వెళ్లి రాత్రికి రావడం. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పావు తక్కువ పదకొండు. వచ్చాక కాసేపు ఆయనే ఎత్తుకుంటారు కాబట్టి నేను నడుం వాలుస్తున్నాను. నిద్ర లేక ఒక్కోసారి వాణ్ణి అక్కడే వదిలేసి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోంది. వీడికి ఒక వేళకి నిద్ర అలవాటు చేయడం ఎలా?

సమాధానం: తల్లీ, నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే మీ వాడికి నిద్ర తక్కువ కాలేదు. ఈ వయసు పిల్లలు రోజు మొత్తంలో 14 నుంచి 17 గంటలు పడుకుంటారు. పగలంతా పడుకుంటున్నాడన్నావు, రాత్రి రెండు దాటాక పడుకుంటున్నాడన్నావు. కూడి చూసుకో, లెక్క సరిపోతుంది. పాలు తాగుతున్నాడు, బరువు పెరిగాడు. నిద్ర ఉంది, వేళే తప్పింది.

వేళ తప్పడమంటే ఏంటో మీ ఆయన్ని అడుగు. నైట్ షిఫ్టు నుంచి డే షిఫ్టుకి మారిన వారం ఒంటికి ఎలా ఉంటుందో ఆయన చెప్తాడు. మీ వాడు తొమ్మిది నెలలు చీకట్లో షిఫ్టు చేసి వచ్చాడు. నువ్వు పగలు పనులు చేసుకుంటూ తిరుగుతుంటే ఆ ఊపుకి లోపల పడుకున్నాడు, నువ్వు రాత్రి నడుం వాల్చగానే తన్నాడు. గుర్తుందా? పగలు, రాత్రి అని తేడా తెలిపే గడియారం వాళ్ల ఒంట్లో పుట్టుకతో నడవదు. రెండో నెల, మూడో నెల మధ్య మెల్లగా నడక నేర్చుకుంటుంది. చీకటి పడగానే నిద్ర తెచ్చే మెలటోనిన్ అనే పదార్థం వాళ్ల ఒంట్లో ఒక పద్ధతిగా తయారవడం అప్పుడే మొదలు. అందాకా నీ పాలే ఆధారం. రాత్రి పాలల్లో ఆ మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలల్లో దాదాపు ఉండదు. అంటే ఇప్పుడు నువ్వు సరైన సమయంలోనే అడిగావు. ముందే అడిగుంటే ఓపిక పట్టమనడం తప్ప చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. పదకొండింటికి కళ్లు విప్పుతాడన్న ముక్క పైన రాశావు. ఆయన పావు తక్కువ పదకొండుకి ఇంటికొస్తారన్న ముక్క అడుగున రాశావు. మధ్యలో దిష్టి, వస, జలుబు చుక్కలు, ఫోను అన్నీ అడ్డం పడి ఆ రెండూ కలవలేదు. కలిపి చూడు. గేటు చప్పుడవుతుంది. నువ్వు లేచి ట్యూబ్‌లైటు వేస్తావు. అత్తగారు అన్నం వడ్డిస్తారు. ఆయన చెయ్యి కడుక్కుని ఉయ్యాల్లోకి తొంగి చూస్తాడు. రోజంతా చూడని బిడ్డ, చూడకుండా ఎలా ఉంటాడు? ఆ వయసు పిల్లలు గంటకోసారి ఎలాగూ మాగన్నుగా కదులుతారు. కదిలాడు కదా అని ఎత్తుకుంటాడు, ముక్కుతో పొట్ట మీద గిలిగింతలు పెడతాడు, పిల్లడు కిసుక్కుమంటాడు. ఇంకేముంది! రోజు మొత్తంలో వాడికి దొరికే గొప్ప ఆట అదే. పదిహేను రోజులు వరసగా దొరికితే పదహారో రోజు బస్సు కంటే ముందే లేచి కూర్చుంటాడు, కూర్చోవడం వస్తే.

ఇందులో మీ ఆయన తప్పేమీ లేదు. ఆ ఆటని పగటికి మార్చండి. బి షిఫ్టు నెలలో పొద్దున్న ఆయన ఇంట్లోనే ఉంటాడు కదా. ఆరున్నరకి పిల్లణ్ణి ఆయన చేతికిచ్చి అరుగు మీదకి పంపించు. ఎండలో పడుకోబెట్టక్కర్లేదు, కళ్లలోకి పడకూడదు కూడా. నీడపట్టున, వెలుతురు బాగా ఉన్నచోట అరగంట ఎత్తుకుని, వచ్చేపోయే ఆవుల్నీ కోళ్లనీ చూపించి కబుర్లు చెప్పమను. రాత్రి ఇంటికొచ్చినప్పుడు మాత్రం ట్యూబ్‌లైటు వద్దు, ఎత్తుకోవడం వద్దు. కాసేపు పక్కన కూర్చుని చూసుకోనీ. మూడు నాలుగు రోజులు ఆయనకి కష్టంగా ఉంటుంది. మగవాళ్లకి ఈ మాట నువ్వు చెప్తే ఒకలా వినపడుతుంది, ఈ ఉత్తరం చూపిస్తే ఇంకోలా వినపడుతుంది. చూపించు.

పొద్దున్న వెలుతురు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. గడియారానికి కీ ఇచ్చేది అదే. నువ్వు రాత్రి ఎంత జోకొట్టినా, పొద్దున్న పదింటి దాకా తలుపులు మూసిన గదిలో పడుకున్న పిల్లడికి పదింటికే తెల్లవారినట్టు. అందుకని రాత్రి ఎన్నింటికి పడుకున్నా పొద్దున్న ఒకే వేళకి లేపెయ్యి. రెండింటికి పడుకున్న వాణ్ణి ఆరున్నరకి లేపడానికి మనసు రాదు, నాకు తెలుసు. లేపు. అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు తొలి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని తెల్లారకుండానే వెళ్లి బారులు తీరుతాం, మీ వాడికి రోజూ ఆ భాగ్యం ఇంటి అరుగు మీదే ఉంది.

ఇంకో సంగతి చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను సోంపేట వైపు మా చెల్లెలి ఇంట్లో చిక్కుకుపోయాను. కొబ్బరి తోటలన్నీ నేలమట్టం. వారం దాటినా కరెంటు రాలేదు. చెల్లెలి మనవరాలికి అప్పుడు మూడు నెలలు. అంతకుముందు రాత్రి పన్నెండయినా కన్ను మూసేది కాదట. టీవీ లేదు, లైట్లు లేవు, ఫోన్లకి చార్జింగు లేదు. ఆరున్నర అయ్యేసరికి ఇంట్లో ఒక గుడ్డిదీపం, అందరి గొంతులూ వాటంతట అవే తగ్గిపోయేవి. ఉక్కకి తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చునేవాళ్లం. నాలుగైదు రోజులకి ఆ పిల్ల ఏడున్నరకే నిద్రపోవడం మొదలెట్టింది, పాలకి లేచినా మళ్లీ పడుకునేది. కరెంటు వచ్చిన రోజు ఊరంతా కేకలు, అన్ని ఇళ్లలో టీవీలు. ఆ రాత్రి మళ్లీ పన్నెండు! ఒక్క పిల్లని చూసి సిద్ధాంతం చెప్పకూడదు గానీ, పిల్లల వార్డులో ఇరవై ఎనిమిదేళ్లు నర్సుగా చేసి నేర్చుకున్నదానికి ఆ వారం సాక్ష్యం చెప్పింది.

ఇప్పుడు పగటి నిద్ర. మీ అత్తగారు పొద్దున్న తొమ్మిదిన్నరకో పదింటికో కాళ్ల మీద వేసుకుని నూనె పట్టించి, నలుగు పెట్టి లాల పోస్తారనుకుంటాను. మన ఇళ్లలో అంతే కదా. ఆ తర్వాత పిల్లడు ఒళ్లు తెలియకుండా మూడు గంటలు పడుకుంటాడు. ఇంట్లో ఉన్న అసలైన నిద్రమందు ఆ లాలే, దాన్ని పొద్దున్నే ఖర్చు పెట్టేస్తున్నారు. సాయంత్రానికి మార్చమంటే పొద్దుకూకాక తలమీద నీళ్లేంటని ఆవిడ ఒప్పుకోరు, పట్టుబట్టకు. పొద్దున్న లాల అలాగే ఉండనీ. సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి ఒళ్లు తుడిచి, అరికాళ్లకి, వీపుకి కాస్త కొబ్బరి నూనె రాయమను. ఆ పని ఆవిడ చేతిలోనే పెట్టు. నీకు పనితో ఊపిరాడటం లేదు, ఆవిడ చేతికి నలభై ఏళ్ల వాటం ఉంది.

పగటి నిద్ర మాన్పించొద్దు. పగలు పడుకోకపోతే రాత్రి బాగా పడుకుంటాడనుకోవడం పెద్దవాళ్ల లెక్క. పసివాడు అలిసిపోతే ఇంకా మారాం చేస్తాడు. ఈ వయసులో గంట, గంటన్నర మెలకువగా ఉంటే చాలు, మళ్లీ నిద్ర ముంచుకొస్తుంది. చూపు పక్కకి తిప్పేస్తాడు, కనుబొమలు ఎర్రబడతాయి, పిడికిలి కళ్లకి రాసుకుంటాడు. ఏడుపు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పడుకోనీ, కానీ తలుపులు తీసి ఉంచు, గిన్నెల చప్పుడు అవనీ, వీధిలో కూరగాయల బండి అరవనీ. ఒక్క నిద్ర రెండు గంటలు దాటితే పాలకి లేపు. పగలు పాలు బాగా తాగితే రాత్రి ఆకలికి లేవడం కాస్త తగ్గొచ్చు.

సాయంత్రానికి ఒక వరస పెట్టుకో. గడియారం చూసి కాదు, వరస చూసి. ఏడున్నర ప్రాంతంలో ఒళ్లు తుడవడం, ఉతికిన వదులు చొక్కా, జీరో బల్బు వెలుగులో కడుపు నిండా పాలు, భుజాన వేసుకుని తేన్పు, ఒకే పాట. ఏ పాటైనా సరే, కానీ రోజూ అదే. పిల్లడికి మాట తెలియదు, వరస తెలుస్తుంది. వారం పది రోజులకి తడిగుడ్డ ఒంటికి తగలగానే ఆవులింత రావడం చూస్తావు. హాల్లో సీరియల్ పదిన్నర దాకా నడుస్తుందని నువ్వు రాయలేదు గానీ, నడవని ఇల్లు మన జిల్లాలో నేను చూడలేదు. మానమని చెప్పను. పిల్లడి గది తలుపు దగ్గరికి వేసి, సౌండు తగ్గిస్తే చాలు. సన్నటి చప్పుడు ఉంటే పిల్లలు లేవరు, నిశ్శబ్దంలో ఒక్కసారిగా గిన్నె పడితేనే ఉలిక్కిపడతారు. ఫ్యాను చప్పుడు మంచిదే.

కళ్లు మూతలు పడుతుండగా, పూర్తిగా నిద్రపోకముందే పక్క మీద వెయ్యి. చేతుల్లోనే నిద్రపోయినవాడు లేచి చూసేసరికి చెయ్యి ఉండదు, ఏడుస్తాడు. పక్క మీద నిద్రపోయినవాడు లేచినా అదే పక్క. మొదట్లో పదిసార్లకి రెండుసార్లు కుదిరితే గొప్ప. కుదరకపోతే ఎత్తుకుని నిద్రపుచ్చు, పాపమేమీ లేదు. అలా నిద్రపుచ్చినప్పుడు మాత్రం వెంటనే దించకు. ఈ వయసు పిల్లలు మొదట పైపై నిద్రలోకి జారుతారు. రెప్పల కింద కళ్లు తిరుగుతుంటాయి, పెదవులు నవ్వుతాయి. పదిహేను ఇరవై నిమిషాలకి గాఢనిద్ర వస్తుంది. చెయ్యి పైకెత్తి వదిలితే తోటకూర కాడలా వాలిపోతుంది, అప్పుడు దించు.

నడిరాత్రి కూడా ఇదే తెలియక చాలామంది తల్లులు తామే పిల్లల్ని లేపేస్తారు. పైపై నిద్రలో వాళ్లు మూలుగుతారు, ఒళ్లు విరుస్తారు, ఒక్క కుయ్యిమనే ఏడుపు కూడా ఏడుస్తారు. కళ్లు మూసే ఉంటాయి. చెయ్యి వెయ్యకుండా ఒక నిమిషం చూడు. సగంసార్లు వాళ్లే సర్దుకుంటారు. నిజంగా ఆకలైతే ఆ నిమిషంలో తెలిసిపోతుంది. పాలిచ్చేటప్పుడు దీపం వెయ్యకు, కబుర్లు చెప్పకు, ఫోను తెరవకు. దొడ్డికి వెళ్తే తప్ప గుడ్డలు మార్చకు. రాత్రి నువ్వు వాడికి విసుగు పుట్టించే మనిషిలా ఉండాలి. అయితే రాత్రి పాలు మాన్పించే ఆలోచన మాత్రం వద్దు. తల్లిపాలు తాగే పిల్లలు ఈ వయసులో రాత్రి రెండు మూడుసార్లు లేవడం మామూలు.

ఇక వస, జలుబు చుక్కలు. వీటి దగ్గర నాకు మెత్తగా మాట్లాడటం చేతకాదు. జలుబు చుక్కల్లో మత్తు కలిగించే మందు ఉండొచ్చు. పసివాడికి ఆ మత్తులో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. నిద్ర కోసం ఏ చుక్కలూ వెయ్యకూడదు, డాక్టరు రాసివ్వని చుక్క ఒక్కటి కూడా. వస కొమ్ముకి వాంతులు చేయించే గుణం ఉంది, పైగా ఎప్పటిదో సానరాయి మీద అరగదీస్తాం. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలిక్కి తగలకూడదు, అందులో ఉండే ఒకరకం క్రిమిబీజాలు పసిపేగుల్లో విషం పుట్టిస్తాయి. గ్రైప్ వాటరు, చక్కెర నీళ్లు, ఉత్త నీళ్లు, ఏవీ వద్దు. ఆరు నెలలు నిండేదాకా నీ పాలే. మన ఎండల్లో కూడా నీళ్లు అక్కర్లేదు, పాలల్లో ఉన్నవి చాలు. మీ అత్తగారితో వాదన పెట్టుకోకు. మూడో నెలలో ఆశా కార్యకర్త ఎలాగూ ఇంటికొస్తుంది, ఆ అమ్మాయి చేత ఆవిడ ఎదుటే చెప్పించు. ఊరి మనిషి నోటితో చెప్తే కోడలి మాట అవదు. దిష్టి తీస్తానంటే తియ్యనీ, దానివల్ల నష్టం లేదు. సాంబ్రాణి పొగ మాత్రం పిల్లడి గదిలో వద్దు, దోమల కాయిలూ అంతే. నాలుగు పక్కలా బిగించి కట్టిన దోమతెర చాలు.

ఉయ్యాల గురించి “ఉయ్యాల్లో పెరగని గుంటడున్నాడేటి ఈ ఊర్లో” అని మీ అత్తగారు అంటారు. నిజమే, నేనూ పెరిగాను. కానీ చీర ఉయ్యాల్లో పిల్లడు విల్లులా వంగి పడుకుంటాడు. మెడ నిలవని పిల్లలకి గడ్డం గుండెకి ఆనుకుంటే ఊపిరి దారి ఇరుకవుతుంది, పైకి చప్పుడు రాదు, పక్కనున్న మనిషికి తెలియదు. కాబట్టి రాత్రి నిద్రకి ఉయ్యాల వద్దు. పగలు కూడా మెలకువగా ఉన్నప్పుడు, ఎదురుగా ఒక మనిషి ఉన్నప్పుడు కాసేపు ఊపండి. కునుకు పడితే తీసి పక్క మీద వెయ్యండి. పక్క అంటే నేల మీద చాప, దాని మీద ముడతలు లేకుండా గట్టిగా పరిచిన పల్చటి బొంత, పైన పాత పొందూరు పంచె ఉంటే అంతకంటే మెత్తటిది లేదు. నులక మంచం, నవారు మంచం మధ్యలో గుంట పడతాయి, పనికిరావు. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. 1994లో అమెరికాలో పసిపిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ఊరూరా చెప్పడం మొదలెట్టాక నిద్రలో హఠాత్తుగా పోయే పిల్లల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టి ఉంటే తీసెయ్యండి. దిండు వద్దు, దుప్పటి వద్దు, బొమ్మ వద్దు. తల కోసం మెలకువగా ఉన్నప్పుడు రోజూ నాలుగైదుసార్లు బోర్లా వేసి ఎదురుగా కూర్చుంటే చాలు. నీ గదిలోనే, నీ పక్కన, కానీ వాడి పక్క వాడికి వేరుగా ఉంటే మేలు. చేతులు కాళ్లు చల్లగా ఉన్నాయని టోపీ, సాక్సులు తొడగొద్దు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, చెమట ఉంటే ఉక్కపోస్తున్నట్టు.

ఫోన్లో చెప్పిన ఏడవనిచ్చే పద్ధతి ఇంత చిన్నపిల్లలకి కాదు. ఏడవగానే ఒకరొచ్చే ఇల్లు కావాలి ఈ వయసులో. దాని గురించి ఇంతకంటే అక్కర్లేదు.

ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోందని రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. పదకొండు వారాలు తెగిపోయిన నిద్రతో ఎవరికైనా అలా అనిపిస్తుంది, అందుకు సిగ్గుపడకు. మరీ పైకొచ్చినప్పుడు పిల్లణ్ణి చాప మీద వెల్లకిలా వేసి, అత్తగారికి చెప్పి, పెరట్లోకి వెళ్లి పది నిమిషాలు కూర్చో. వాడు ఆ పది నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. కోపంలో మాత్రం ఎప్పుడూ, ఎవరూ పిల్లణ్ణి కుదపకూడదు, మెదడుకి దెబ్బ తగులుతుంది. రోజులో ఒక్కపూట, పిల్లడి పని ఇంకొకరు చూసుకుంటుండగా, నువ్వు రెండు గంటలు పడుకోవాలి. లాల అయ్యాక పాలిచ్చి అత్తగారికి అప్పగించు. మనసు బరువు, ఊరికే ఏడుపు, పిల్లణ్ణి చూస్తే ఏమీ అనిపించకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది అలసట కాదు, బాలింతలకి వచ్చే దిగులు జబ్బు, దానికి వైద్యం ఉంది. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. నీకు గానీ పిల్లడికి గానీ హాని చెయ్యాలన్న ఆలోచన వస్తే రెండు వారాలూ ఆగకు, ఆ క్షణమే ఇంట్లో చెప్పు.

మూడు నెలల్లోపు పిల్లడికి ఒళ్లు 100.4 డిగ్రీలు చూపించినా, పాలు మానేసినా, లేపినా లేవకుండా వేలాడిపోతున్నా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా, రోజుకి ఆరుసార్లకంటే తక్కువ ఉచ్చ పోస్తున్నా అది నిద్ర సంగతి కాదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పద్నాలుగో వారం టీకాలు దగ్గరపడ్డాయి. ఆ రాత్రి, ఆ మర్నాడు చిరాకుగా ఉంటాడు, వరసంతా చెదిరిపోతుంది. కంగారుపడకు, మూడోనాడు మళ్లీ మొదలుపెట్టు. వచ్చే నెల మీ ఆయనకి పొద్దున్న వెళ్లే ఎ షిఫ్టు పడితే సాయంత్రం ఒళ్లు తుడిచే పని ఆయనకి ఇవ్వొచ్చు, అత్తగారు ఒప్పుకుంటే.

నాలుగో నెల దాటాక బోర్లాపడటం మొదలెడతాడు. ఆ రోజు మీ అత్తగారు ఎలాగూ బొబ్బట్లు చేస్తారు. పొయ్యి మీద పెనం పెట్టకముందే దూలానికున్న ఉయ్యాల విప్పించు. బోర్లాపడే పిల్లడు అందులోంచి జారిపోతాడు. ఆ చీర మళ్లీ ఆవిడకే ఇచ్చెయ్యి.